తొమ్మిదో అంతస్తులో అరువు పుస్తకం

అమీర్‌పేట స్టేషన్లో మెట్రో తలుపులు తెరుచుకున్నాయి. దిగేవాళ్లని దిగనివ్వకుండానే ఎక్కేస్తున్నారు జనం. నా వెనకాలే వచ్చేయండి, ఆ మూల కడ్డీ దగ్గర ఇద్దరికి చోటుంది. టైము ఎనిమిదీ ఇరవై. కిటికీలోంచి కిందికి చూస్తే మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు ఒకదాని మీద ఒకటి: పైథాన్, డేటా సైన్స్, శాప్, మళ్లీ పైథాన్. రాత్రి ఆ ఫ్లెక్సీల వెనక సందులోనే, స్నేహితురాలి హాస్టల్ గదిలో పడుకున్నాను. నిన్న పొద్దున సత్తెనపల్లిలో పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. అమ్మ కట్టిచ్చిన పులిహోర మిర్యాలగూడ దాటాక తిన్నాను. నిమ్మకాయ వాసన ఇంకా ఫైలుకి అంటుకునే ఉంది.

ఫైల్లో నాలుగు కాగితాలున్నాయి. సత్తెనపల్లిలో చదివిన బీకాం పట్టా. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌లో నడిపే డేటా సైన్స్ కోర్సులో 114 క్రెడిట్లు పూర్తయినందుకు వచ్చిన బీఎస్సీ పట్టా. ఇంకో 28 చేస్తే నాలుగేళ్ల బీఎస్ అవుతుంది. మూడోది ఒక ప్రాజెక్టు రిపోర్టు. నాలుగోది మామయ్య అరువు పుస్తకంలో ఒక పేజీకి జిరాక్సు, రైతుల పేర్ల మీద కాగితం ముక్కలు అంటించి తీసింది. తొమ్మిదిన్నరకి రాయదుర్గంలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో ఇంటర్వ్యూ. అనలిస్టు ఉద్యోగం. రైలు దిగేలోపు ఆ నాలుగో కాగితం సంగతి మీకు చెప్పాలి. నన్ను ఇక్కడిదాకా తెచ్చింది అదే.

మధురానగర్. యూసుఫ్‌గూడ. ఎవరూ దిగడం లేదు, ఎక్కుతూనే ఉన్నారు.

ఐఐటీ అనగానే ర్యాంకెంత అని అడుగుతారు. ఈ కోర్సుకి జేఈఈ అక్కర్లేదు. 2020లో మొదలుపెట్టారు. నాలుగు వారాలు పాఠాలు విని, వారం వారం అసైన్‌మెంట్లు చేసి, సెంటర్‌కి వెళ్లి క్వాలిఫయర్ పరీక్ష రాస్తే లోపలికి రానిస్తారు. రావడం కంటే నిలబడటం కష్టం. పాఠాలు ఎక్కడైనా వినొచ్చు, నేను మామయ్య కొట్టు మేడమీద నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుని వినేదాన్ని. క్విజ్‌లకీ టర్మ్ చివరి పరీక్షకీ మాత్రం మనిషి వెళ్లాల్సిందే. ఆదివారం చీకటితో లేచి బస్సెక్కి, గుంటూరులో మారి, విజయవాడ సెంటర్‌కి చేరేసరికి గేటు ముందు బారు. ఆ బారులో ఇంటర్ అయిన పిల్లలుంటారు, బ్యాంకు ఉద్యోగులుంటారు, చంటిబిడ్డని తల్లి చేతిలో పెట్టి హాల్ టికెట్ చూపించే అమ్మలుంటారు. సంవత్సరానికి మూడు టర్ములు. మూడేళ్లపాటు నా ఆదివారాలకి ఆ బారే గుర్తు.

2022 ఏప్రిల్‌లో యూజీసీ రెండు డిగ్రీలు ఒకేసారి చదువుకోవచ్చని చెప్పింది కాబట్టి బీకాం వదలకుండా ఇది చేయగలిగాను. అదే ఏడాది సెప్టెంబరు 2న ఇంకో నోటీసు వచ్చింది: గుర్తింపు ఉన్న సంస్థ ఇచ్చిన ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానం అని. అమ్మ ఆ వార్తని పేపర్లోంచి కత్తిరించి బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది.

ఎందుకు పెట్టిందో నాకు తెలుసు. అమ్మ అంగన్‌వాడీ టీచరు. పెళ్లయ్యాక అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసింది. ఆదివారం ఇంట్లో వంట ముగించుకుని గుంటూరులో క్లాసుకి వెళ్లి, పొద్దుగూకేసరికి తిరిగొచ్చి మళ్లీ పొయ్యి వెలిగించేది. 1982లో మొదలైన ఆ యూనివర్సిటీ దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రాంరెడ్డి గారే మూడేళ్ల తర్వాత ఢిల్లీలో ఇగ్నోకి కూడా తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. సార్వత్రిక విశ్వవిద్యాలయాలకి ఈ దేశంలో దారి వేసింది మన తెలుగు నేల. అయినా అమ్మ డిగ్రీ అని చెప్పిన ప్రతిచోటా ఎదుటివాళ్లు రెండో ప్రశ్న వేసేవాళ్లు: "ఓపెనా, రెగ్యులరా?" అడిగినవాళ్లకి అది రెండు మాటలు. అమ్మ మొహంలో ఏం మారేదో నేను చిన్నప్పటినుంచీ చూశాను.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ వచ్చింది. కాస్త గాలాడుతోంది.

నన్ను కూడా ఆ ప్రశ్న అడిగారు, మనుషులు కాదు, ఒక ఫారం. పెద్ద పేరున్న ఒక కంపెనీ దరఖాస్తులో 'చదివిన విధానం' అని గడి ఉంది. రెగ్యులర్, పార్ట్ టైమ్, దూరవిద్య. బీఎస్సీ ఎదురుగా ఉన్నదున్నట్టు దూరవిద్య అని పెట్టాను. రాత్రి పదకొండూ నలభైకి పంపాను. పదకొండూ నలభైమూడుకి జవాబొచ్చింది, మీ అర్హతలు సరిపోలేదని. మూడు నిమిషాల్లో నా ప్రాజెక్టు ఎవరు చదివుంటారు? ఆ రాత్రి బాగా ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. లేచి బీరువా తీసి, ఆ పేపర్ ముక్కని దీపం కింద పెట్టుకుని మళ్లీ మొదటినుంచి చదివింది.

కన్సల్టింగ్‌లోకి పెద్ద తలుపు క్యాంపస్ తలుపు. మెకిన్సే, బీసీజీ, బెయిన్ లాంటివాళ్లు ఐఐఎంలకీ, ఇదే ఊళ్లో గచ్చిబౌలిలో ఉన్న ఐఎస్‌బీకీ, కొన్ని ఐఐటీలకీ వెళ్లి అక్కడే మనుషుల్ని ఎంచుకుంటారు. మా సత్తెనపల్లి కాలేజీకి ఎవరొస్తారు? ఆన్‌లైన్ కోర్సుకైతే వాళ్లొచ్చి కూర్చోడానికి వరండా కూడా లేదు. ఫోన్ తెరిస్తే చాలు, 'ఇంట్లోనే ఎంబీఏ, వెంటనే కన్సల్టెంట్' అని ప్రకటనలు. పాఠం అమ్మితే అమ్మనివ్వండి. తలుపు అమ్ముతున్నామంటే మాత్రం నమ్మొద్దు, ఆ తలుపు వాళ్లది కాదు. అప్పుచేసి ఆ ఫీజులు కట్టినవాళ్లని నేనెరుగుదును. ఫీజు కట్టేముందు ఆ కోర్సుకి యూజీసీ గుర్తింపు ఉందో లేదో చూడండి. తర్వాత, మీ ఊరివాళ్లు అందులో ముగ్గురు చదివుంటే ఆ ముగ్గురికీ ఫోన్ చేయండి.

నాకున్నది పక్క దారి. డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ నాలుగింటికీ హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసులున్నాయి, వాటి చుట్టూ చిన్న సంస్థలు బోలెడు. లెక్కలు చూసేవాళ్లు, డేటా సర్దేవాళ్లు వాళ్లకి ఏడాది పొడుగునా కావాలి. ఆ పని చేస్తూ చేస్తూ లోపలి గదుల్లోకి వెళ్లాలి. కానీ అక్కడికైనా ఎవరో ఒకరు మన కాగితం తెరిచి చదవాలి కదా. నా కాగితం ఎలా చదివించానో చూపిస్తాను. కళ్లు మూసుకోండి, వెనక్కి వెళ్దాం.

సత్తెనపల్లి. సెప్టెంబరు నెల, మధ్యాహ్నం మూడు. మామయ్య ఎరువుల కొట్టు. షట్టరు సగానికి దించి ఉంది, ఎండకి. లోపలికి వంగి రండి. ముక్కుకి ముందు పురుగుమందు ఘాటు తగులుతుంది, తర్వాత గోనెసంచుల వాసన. ఎడమవైపు యూరియా బస్తాలు, 45 కిలోలవి. కుడివైపు అద్దాల బీరువాలో సీసాలు. బల్లమీద ఈపోస్ మిషను. ఒక రైతు బొటనవేలు పెడుతున్నాడు, మిషను ఒప్పుకోవడం లేదు. చేలో పనికి వేలిగీతలు అరిగిపోయాయి. ఆయన వేలిని తలకి రాసుకుని, నూనె జిడ్డు అంటించి మళ్లీ పెడతాడు. మూడోసారికి పచ్చలైటు వెలిగింది.

కోర్సులో బిజినెస్ డేటా మేనేజ్‌మెంట్ అని ఒక ప్రాజెక్టు ఉంది. ఇంటర్నెట్లో దొరికే డేటా పనికిరాదు. నిజంగా నడుస్తున్న ఒక వ్యాపారం దగ్గరికి వెళ్లాలి, యజమాని ఒప్పుకోవాలి, అతని లెక్కలు తీసుకుని అతని కష్టం ఏమిటో కనిపెట్టాలి. ఆ తర్వాత వైవా. తోటివాళ్లు పెద్ద షాపుల్ని వెతుక్కున్నారు. నేను మేడ దిగి కిందికొచ్చాను.

"మామయ్యా, నీ పుస్తకాలిస్తావా? ప్రాజెక్టుకి."

"పుస్తకంలో ఏముందే, బాకీలు. వ్యాపారం బానే ఉంది. చేతిలో మాత్రం డబ్బు నిలవట్లా. అదేదో నువ్వు కనిపెట్టు చూద్దాం."

ఎర్రగుడ్డ అట్టవేసిన పొడుగు పుస్తకాలు మూడు. 212 పద్దులు. ఆరు రాత్రులు కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించాను. తేదీ ఉండాల్సిన చోట 'సంక్రాంతి ముందు' అని ఉంటుంది. ఒకే మనిషి ఇంటిపేరుతో ఒక పద్దు, ఊరిపేరుతో ఇంకో పద్దు. నీళ్లు పడి చెరిగిన అంకె ఏడో ఒకటో తెలియక, మామయ్యని నిద్రలేపి అడిగితే కళ్లు తెరవకుండానే చెప్పాడు: "ఏడు. ఆ సాయంత్రం వాన, నాకు గుర్తు." డేటా శుభ్రం చేయడం అని కోర్సులో ఒక పాఠముంది. ఆ రాత్రి నాకు అర్థమైంది, సగం డేటా మామయ్య తలలో ఉంది, అడిగితేనే బయటికొస్తుంది.

ఇప్పుడు ఈ ఒక్క సీసా చూడండి. మిరపకి కొట్టే మందు. మామయ్యకి పడింది 800. అమ్మేది 920. సీసాకి 120 లాభం, బాగానే ఉంది. కానీ కంపెనీకి డబ్బు కట్టడానికి మామయ్య రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. రైతు ఆగస్టులో అరువుకి తీసుకెళ్తాడు, మిరపకాయ అమ్ముకుని ఫిబ్రవరిలో కడతాడు. ఆరు నెలలు. 800కి నెలకి 16 చొప్పున 96 వడ్డీకే పోయింది. మిగిలింది 24. ఆ రైతు ధర లేదని కాయని కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఏప్రిల్ దాకా ఆగితే ఎనిమిది నెలలు, వడ్డీ 128. సీసాకి 8 రూపాయలు మామయ్యే ఎదురు పెట్టుకున్నట్టు. మనూరి రైతే కదా అని అరువు మీద వడ్డీ వేయడు. పైగా నల్లతామర పురుగు వచ్చి మిరప తోటలు ఎండిపోయిన 2021 నాటి బాకీలు ఇంకా పుస్తకంలో అలాగే ఉన్నాయి.

ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను. మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇరవైనాలుగు రూపాయలకా నేను పొద్దున ఆరింటికి షట్టరు ఎత్తేది?"

నా దగ్గర సలహా సిద్ధంగా ఉంది, గర్వంగా చెప్పాను. "నగదుకి ఇస్తే నలభై తగ్గించు మామయ్యా. అప్పుడు కూడా నీకు 80 మిగులుతుంది. అరువు ఆపెయ్."

"ఆపేస్తాను. ఆగస్టులో రైతు దగ్గర నగదు ఎక్కడిది? పంట రావాలిగా. పక్క కొట్టు వాడు అరువిస్తాడు, అక్కడికి పోతాడు. నీ కాగితంలో ఆ లెక్కుందా?"

లేదు. నా ఎక్సెల్ షీట్లో రైతు ఒక వరుస, ఒక అంకె. ఆయన జేబులోకి డబ్బు ఏ నెలలో వస్తుందో నేను ఎవర్నీ అడగలేదు.

అప్పుడు మాట్లాడింది యూరియా బస్తా మీద కూర్చునున్న ఒక పెద్దావిడ. అంతసేపూ మా మాటలు వింటూనే ఉంది. "పాల బిల్లు పదిరోజులకోసారి వస్తదిగా అయ్యా. వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం కడతా. ఒక్కసారి అంతా తెమ్మంటే ఏడ తెచ్చేది?"

నా చదువు మొత్తంలో నాకు దొరికిన గొప్ప పాఠం ఆ బస్తా మీదనుంచి వచ్చింది. పైకెళ్లి మళ్లీ లెక్క వేశాను. 920ని ఆరు నెలల్లో నెలకి సుమారు 153 చొప్పున కడుతూ పోతే, మామయ్య పెట్టుబడి నెలనెలా తగ్గుతుంది, వడ్డీ 96 నుంచి 50కి దిగుతుంది. సీసాకి మిగిలేది 24 కాదు, 70. రైతు మీద ఒక్క రూపాయి అదనంగా పడలేదు. 212 పద్దుల్లో పాడి ఉన్నవాళ్లెవరో మామయ్య నోటితో చెబుతూంటే టిక్కులు పెట్టుకున్నాను. సగానికి పైగా తేలారు. పుస్తకంలో ప్రతి పద్దుకీ ఎడమపక్క పాలజమ అని కొత్త గీత గీశాం. మామయ్య మాత్రం తల అడ్డంగా ఊపాడు. "చూద్దాంలే. అలవాటు లేని పని."

కళ్లు తెరవండి. పెద్దమ్మ గుడి స్టేషను. ఎదురుగా నిలబడ్డావిడ చెయ్యి గుండెకి ఆనించుకుని కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను.

ఆ ప్రాజెక్టుని ఒక్క పేజీకి కుదించాను. కుదించడం నేర్చుకోడానికి నెల పట్టింది. మనం ఏదైనా చెప్పాలంటే మొదటినుంచి మొదలెడతాం, బస్సెక్కిన దగ్గర్నుంచి చెబుతాం. ఈ వృత్తిలో జవాబు ముందు చెప్పాలి, కారణాలు తర్వాత. మెకిన్సేలో పనిచేసిన బార్బరా మింటో అనే ఆవిడ ఈ పద్ధతికి పిరమిడ్ అని పేరుపెట్టి పుస్తకమే రాశారు. నేను రాత్రిపూట ఫోన్లో సాధన చేసేదాన్ని, కోర్సులో పరిచయమైన ముగ్గురితో. వాళ్లలో ఒకాయన కోయంబత్తూరు మిల్లులో ఉద్యోగి, నలభై దాటాయి. డ్యూటీ దిగి పదింటికి కేసు ఇచ్చేవాడు, అంటే ఒక కంపెనీ చిక్కు చెప్పి దారి చూపమనేవాడు. నేను కథ మొదలెడితే ఆపేసేవాడు: "జవాబు చెప్పమ్మా, నేను లిఫ్టులో ఉన్నాననుకో."

ఆ పేజీని 47 మందికి పంపాను, కన్సల్టింగ్ కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లని వెతికి వెతికి. ఉద్యోగం అడగలేదు. 'ఈ లెక్కలో తప్పేముందో చెప్పగలరా' అని అడిగాను. ఐదుగురు జవాబిచ్చారు. ఒకావిడ ఫోన్ చేసి, "ఆ ఇరవైనాలుగు రూపాయల సంగతి ఇంకోసారి చెప్పండి" అన్నారు. చెప్పాను. "మీ మామయ్య ఏమన్నారు?" అన్నారు. అదీ చెప్పాను, నా సలహా తప్పిన సంగతితో సహా. మర్నాడు నా పేరు వాళ్ల ఆఫీసులో ఇచ్చారు. ఆ ఆఫీసుకే ఇప్పుడు వెళ్తున్నది.

మాధాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ. రైలు ఖాళీ అవుతోంది. రాయదుర్గం ఆఖరి స్టేషను.

మెట్లు దిగితే ఎండ అద్దాల మీద పడి కళ్లల్లో కొడుతోంది. గేటు దగ్గర ఆధార్ చూపించి, విజిటర్ బ్యాడ్జీ మెళ్లో వేసుకున్నాను. లిఫ్టులో మీట నొక్కబోతే మీటలే లేవు, అంతస్తు బయటే ఎంచుకోవాలట. వెనకనున్నాయన బయట నొక్కిపెట్టారు. తొమ్మిది. చెవులు కాస్త మూసుకుపోయాయి.

చిన్న గది. గుండ్రటి బల్ల, రెండు నీళ్ల సీసాలు, తెల్ల బోర్డు. ఎదురుగా ముప్పై అయిదేళ్ల మేడమ్, పక్కన ఒక సార్. మొదట హైదరాబాద్‌లో రోజుకి ఎన్ని ఇడ్లీలు అమ్ముడవుతాయో అంచనా వేయమన్నారు. జనాభా, ఇళ్లు, బయట తినేవాళ్లు అని విడగొట్టుకుంటూ వెళ్లాను. మధ్యలో ఒక సున్నా ఎక్కువ పడింది. "ఒక్క నిమిషం, ఇది తప్పు, మనిషికి ముప్పై ఇడ్లీలొస్తున్నాయి" అని నేనే కొట్టేశాను. సార్ నవ్వారు. అక్కడితో అది అయిపోయింది.

తర్వాత మేడమ్ నా పేజీ తిరగేశారు. "ఈ ఆన్‌లైన్ డిగ్రీ... పరీక్షలు ఇంట్లోంచే రాశారా?"

వచ్చింది. అమ్మని జీవితమంతా అడిగిన ప్రశ్న వేషం మార్చుకుని వచ్చింది. గొంతు తడారింది. "సెంటర్లో రాశాను మేడమ్. విజయవాడలో. ప్రతి టర్మ్‌కీ." బారు గురించి చెప్పాలనిపించింది, బస్సు గురించి, బిడ్డల్ని వదిలొచ్చిన అమ్మల గురించి. జవాబు చెప్పమన్న కోయంబత్తూరు అన్న గుర్తొచ్చి ఆగాను. ఆవిడ తలూపి ఏదో రాసుకున్నారు.

కేసు మొదలైంది. ఆసుపత్రులకి చేతితొడుగులు అమ్మే కంపెనీ. పోయినేడు అమ్మకాలు 60 కోట్లు, ఈ ఏడు 72 కోట్లు. లాభం నూటికి పది. అయినా జీతాలకి బ్యాంకులో అప్పు తెస్తోంది. ఎందుకు?

బోర్డు దగ్గరికి వెళ్లాను. మార్కరు మూత తీస్తుంటే చెయ్యి వణుకుతోంది. పుస్తకాల్లో నేర్పిన చెట్టు గీయాలి: ఆదాయం ఒక కొమ్మ, ఖర్చు ఒక కొమ్మ. గీయబోయి ఆగాను. మామయ్య మాట వినిపించింది. వ్యాపారం బానే ఉంది, చేతిలో డబ్బు నిలవట్లా.

"మేడమ్, అమ్మిన సరుకుకి డబ్బు ఎన్నాళ్లకి వస్తోంది?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "పోయినేడు 60 రోజులకి. ఈ ఏడు 120."

పోయినేడు బయట ఉన్నది రెండు నెలల అమ్మకం, 10 కోట్లు. ఈ ఏడు నాలుగు నెలల అమ్మకం, 24 కోట్లు. "కొత్తగా 14 కోట్లు బయట ఇరుక్కున్నాయి మేడమ్. ఏడాది లాభం 7.2 కోట్లు. ఆ తేడాయే బ్యాంకు దగ్గర తెస్తున్నారు. కంపెనీ నష్టంలో లేదు, అరువులో ఉంది."

"ఏం చేయమంటారు?"

"2025 ఏప్రిల్ నుంచి 100 కోట్ల టర్నోవర్ దాకా చిన్న పరిశ్రమ కిందికే వస్తుంది. యంత్రాల మీద పెట్టుబడి కూడా హద్దులో ఉంటే, చట్టప్రకారం కొన్నవాళ్లు 45 రోజుల్లో చెల్లించాలి."

సార్ ముందుకి వంగారు. "చట్టం చూపిస్తే, ఆ ఆసుపత్రి వచ్చే నెల మీ దగ్గర కొంటుందా?"

అదే గోడ. పక్క కొట్టు వాడు అరువిస్తాడు. ఈసారి ఆ గోడ ముందు నేను మొదటిసారి నిలబడటం లేదు.

"కొనకపోవచ్చు సార్. ముందు ఆసుపత్రి వాళ్లని ఒకటి అడగాలి, వాళ్ల చేతికి డబ్బు ఎప్పుడెప్పుడు వస్తుందని. బీమా డబ్బు ఆలస్యమవుతుండొచ్చు. కానీ కౌంటర్లో నగదు కట్టే పేషెంట్లు రోజూ ఉంటారు. ఆ డబ్బులోంచి వారం వారం కొంత ఇచ్చేలా మాట్లాడుకోవాలి. ముప్పై రోజుల్లో ఇస్తే నూటికి రెండు తగ్గిస్తామనాలి. బ్యాంకు వడ్డీ ఏడాదికి 12 అనుకుంటే, తొంభై రోజులు ముందొస్తే మనకి నూటికి మూడు మిగులుతుంది. రెండు వదులుకున్నా ఒకటి మనదే."

మేడమ్ పెన్ను బల్లమీద పెట్టారు. "ఆసుపత్రిని అడగాలని ఎందుకనిపించింది?"

ఫైల్లోంచి నాలుగో కాగితం తీసి బల్లమీద పెట్టాను. అంటించిన తెల్ల ముక్కలు, ఎడమపక్క చేత్తో గీసిన గీత. పాలజమ అన్న మాట మామయ్య వంకర దస్తూరీలో. వాళ్లిద్దరూ దానిమీదికి వంగి చదువుతుంటే, ఆ చల్లటి గదిలో నాకు గోనెసంచుల వాసన వచ్చింది.

"గురువారం పార్ట్‌నర్‌తో ఇంకో రౌండ్ ఉంటుంది. ఊరికి వెళ్లిపోకండి," అన్నారు లేస్తూ.

కింద రోడ్డు దాటి, చెట్టుకింద చాయ్ బండి దగ్గర నిలబడ్డాను. ఫోన్ ఆన్ చేస్తే మామయ్యవి నాలుగు మిస్డ్ కాల్స్. కంగారుగా చేశాను.

"ఏంటి మామయ్యా?"

"అమ్మాయ్, ఆ రోజు బస్తా మీద కూర్చుంది చూడు, ఆవిడొచ్చింది. పాల బిల్లు వచ్చిందంట, మూడొందలు ఇచ్చింది. ఆవిడ్ని చూసి ఇంకో ఇద్దరిచ్చారు." వెనక ఈపోస్ మిషను కూత వినిపిస్తోంది. "ఇది పాత బాకీలోంచి కొట్టెయ్యాలా, నువ్వు గీసిన కొత్త గీతలో రాయాలా? ముగ్గురూ ఇక్కడే నిలబడున్నారు, తొందరగా చెప్పు."

"ఎడమపక్క గీతలో రాయి మామయ్యా. పక్కనే తేదీ వెయ్యి. సంక్రాంతి ముందు అని రాయకు, తేదీ వెయ్యి."

"వేస్తున్నా, వేస్తున్నా. ఉండు," అన్నాడు. పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు.